పెద్దమ్మ అడగని క్షమాపణ

పోయిన వారం ఇద్దరు మర్యాదస్థులు మా ఇంటికి వచ్చారు. ఒకాయన చేతిలో పళ్ళ సంచి, ఇంకొకాయన చేతిలో శాలువా. జమ్మలమడుగులో పెన్న ఒడ్డున ఉన్న ఒక పాత బంగళాను బాగుచేయించి రచయితల విడిదిగా మారుస్తున్నారట. నెలో రెండు నెలలో అక్కడే ఉండి, వేళకు భోజనం చేసి, ఏ చీకూ చింతా లేకుండా రాసుకోవచ్చట. మేడ మీది గదికి నా మొదటి నవల పేరు పెడుతున్నారట. ఆ నవల పుట్టింది ఆ గదిలోనే గనుక నేనే వచ్చి తలుపు తెరవాలట. నేను రానన్నాను. ఒంట్లో బాగాలేదేమోనని కారు పంపిస్తామన్నారు. ఒళ్ళు నిక్షేపంగా ఉంది, కోపం వల్ల రానంటున్నాను అన్నాను. ఇద్దరూ నవ్వారు. ఎనభై దాటిన ముసలమ్మకు కోపం వస్తే జనానికి ఎందుకో ముద్దుగా ఉంటుంది.

ఎందుకమ్మా ఆ కోపం అని వాళ్ళు అడగలేదు. పళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయారు. అడగని వాళ్ళకు చెప్పడం నాకు చేతకాదు గానీ, నా ఈడు వాళ్ళు ఇంకా నలుగురైనా బతికి ఉంటారని, వాళ్ళయితే చివరిదాకా వింటారని ఇక్కడ రాస్తున్నాను.

మా అమ్మ నన్ను కని కొన్నాళ్ళకే పోతే నన్ను పెంచింది అమ్మకు అక్క, మా పెద్దమ్మ. ప్రొద్దుటూరులో మాది మగ్గాల వీధి. తెల్లవారితే ఏ ఇంటి ముందు నడిచినా లోపలి నుంచి మగ్గం మోతే తప్ప మనిషి మాట వినిపించేది కాదు. పెద్దమ్మ భర్త మంచి నేతగాడేనంటారు. ఆయన మొహం నాకు గుర్తు లేదు. తిరుమలకు పోయి వస్తానని చెప్పి వెళ్ళినవాడు ఇంకో ఊళ్ళో ఇంకో ఆమెతో కాపురం పెట్టాడు. అప్పటికి పెద్దమ్మ కొంగు పట్టుకొని ఒక పక్క ఆమె కూతురు, ఇంకో పక్క నేను. మా ఇళ్ళలో ఆడవాళ్ళు నూలు తోడేవాళ్ళు, కండెలు చుట్టేవాళ్ళు, పడుగుకు గంజి పెట్టేవాళ్ళు. మగ్గం గుంతలో కాళ్ళు పెట్టి కూర్చొని నేసేది మాత్రం మగవాళ్ళే. పెద్దమ్మ కొన్నాళ్ళు చూసి, ఒక పొద్దున కొంగు నడుముకు చుట్టి ఆ గుంతలోకి దిగింది.

వీధి పెద్దలు వచ్చి మా అరుగు మీద కూర్చున్నారు. ఆడది గుంతలో కూర్చొని నేస్తే వీధి పరువేం కావాలి అని అడిగారు. పెద్దమ్మ మగ్గం ఆపలేదు, ఆపకుండానే గట్టిగా చెప్పింది. నేను ఆమె వెనక నిలబడి విన్నాను గనుక అక్షరం పొల్లుపోకుండా రాస్తున్నాను.

"మా ఆయప్ప ల్యాచిపోయినాంక గుంత ఖాళీగా ఉండాది. ఈ పిల్లోళ్ళ కడుపులూ ఖాళీగానే ఉండాయి. రెండిట్లో ఏది ముందు నింపల్లో మీరే చెప్పండప్పా."

వాళ్ళు కండువాలు దులుపుకొని లేచి వెళ్ళిపోయారు. నా బతుకులో నేను విన్న మొదటి గొప్ప వాక్యం అది. తరువాత శానా పుస్తకాలు చదివాను గానీ దానికి సాటి వచ్చేది చదవలేదు.

పెద్దమ్మ ఆ నేతతోనే నన్ను చదివించింది, ట్రైనింగు చేయించింది. మా ఊళ్ళోనే ఒక చిన్న బడిలో పంతులమ్మనయ్యాను. నాలాగే పంతులు ఉద్యోగం చేస్తున్నాయనతో పెళ్ళయింది, కాపురం పక్క వీధిలోనే. కథలు రాయడం ఎప్పుడు మొదలుపెట్టానో చెప్పలేను గానీ ఎక్కడ రాసేదాన్నో చెప్పగలను. బడి వదలగానే పెద్దమ్మ ఇంటికి పోయి, మగ్గం పక్కన గోడకు ఆనుకొని, మోకాళ్ళ మీద చెక్క పెట్టుకొని రాసేదాన్ని. పక్కన పోగుల మధ్య నాడె అటూ ఇటూ పరుగెత్తుతూ ఉండేది. రాసిన ముక్క పైకి చదివితే పెద్దమ్మ చేతులు ఆపకుండానే, "అట్లనదు పాపా ఆ యమ్మ. కడుపు మండినోళ్ళు అంత పొడుగు మాటలు మాట్లాడరు" అనేది. కొట్టేసి మళ్ళీ రాసేదాన్ని. అలా రాసిన కథలు కొన్ని వారపత్రికలో వచ్చాయి. మా ఆయన వాటిని కత్తిరించి పెట్టెలో దాచేవాడు.

ఆంధ్ర రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన కొత్తల్లో మాట ఇది. ఆ రోజుల్లో కొంచెం భూమీ కొంచెం వ్యాపారమూ ఉన్న ప్రతి పెద్దమనిషికీ హైదరాబాదులో తన పేరు వినిపించాలని ఉండేది. జమ్మలమడుగులో అలాంటి ఆసామి ఒకాయన ఉండేవాడు. వేరుశనగ వ్యాపారం, పెన్న ఒడ్డున మేడ, మేడ నిండా పుస్తకాలు. వేసవి సెలవుల్లో ఒక రచయితను పిలిచి తన మేడలో ఉంచుకొని నవల రాయించి, దాన్ని తానే అచ్చు వేయించాలని ఆయన సంకల్పం. ఆ ఏడు నన్ను పిలిచాడు. మా హెడ్మాస్టరు ద్వారా కబురు వస్తే మా ఆయన నేల మీద నిలవలేదు. కొత్త చీర కొన్నాడు, కలం కొన్నాడు. పెద్దమ్మ మాత్రం రాసుకునేదానికి ఊరు మారల్లా అని ఒక మాట అని, మళ్ళీ తన పనిలో పడింది. నేను రాయబోయేది ఆమె కథే. అది ఆమెకు తెలుసు. రాయమనలేదు, వద్దనీ అనలేదు.

ఉన్న మాట చెప్పాలి. ఆ గది నాకు శానా నచ్చింది. కిటికీ తెరిస్తే ఎండిన పెన్న ఇసుక, చెలమల దగ్గర బిందెలతో ఆడవాళ్ళు. కిటికీకి వట్టివేళ్ళ తడిక, దాని మీద నీళ్ళు చల్లితే గదంతా చల్లని వాసన. నున్నటి బల్ల, చేతులున్న కుర్చీ, కట్టలు కట్టలుగా తెల్ల కాగితం. అన్నిటికంటే గొప్పది తలుపు. గడియ ఉన్న తలుపు, నేను లోపల ఉండగా వేసుకోగల గడియ. మొదటి రోజు దాన్ని మూసి తెరిచి, మూసి తెరిచి, పిచ్చిదానిలా చూసుకున్నాను. ఏ ఆడదానికైనా అలాంటి గది ఒకటి దొరకాలని ఇప్పటికీ అంటాను. నా కోపం గది మీద కాదు.

ఆ గదికి ఒక షరతు ఉంది, దాన్ని నాకు చేరాక చెప్పారు. పొద్దంతా రాసింది సాయంత్రం కింద వసారాలో అతిథులకు చదివి వినిపించాలి. ప్లీడర్లు, డాక్టరు, ఇద్దరు ముగ్గురు ఆఫీసర్లు, అందరి మధ్యా కోస్తా నుంచి వచ్చి ఆ ఇంట్లోనే మకాం పెట్టిన పండితుడొకాయన. తాంబూలం వేసుకుంటూ వింటారు. మొదటి సాయంత్రం పెద్దమ్మ మాట ఒకటి చదివాను. ల్యాచిపోయినాంక అన్న చోట పండితుడు కళ్ళు మూసుకొని చెయ్యి అడ్డం పెట్టాడు. ఏదో దుర్వాసన వచ్చినట్టు. తరువాత మెల్లగా, ప్రేమగానే, అమ్మా, సాహిత్యంలో పాత్రలు ఇలా మాట్లాడితే తక్కిన జిల్లాల వాళ్ళు చదవలేరు, మీకు మంచి చెయ్యి ఉంది, దాన్ని ఈ మోటుతనంతో పాడుచేసుకోకండి అన్నాడు. అందరూ తలలూపారు. ఆసామి అందరికంటే ఎక్కువ ఊపాడు. ఆయనదీ జమ్మలమడుగే. పొద్దున పెరట్లో పనివాళ్ళ మీద "ఏంరా, యాడ సచ్చినావురా" అని అరిచే అరుపు మేడ మీదికి నాకు వినిపించేది. సాయంత్రం అదే నోరు వసారాలో "ఏమిటండీ, ఎక్కడికండీ" అనేది.

నన్ను ఎవరూ గద్దించలేదు. అలా చేసి ఉంటే తిరగబడేదాన్ని. మెచ్చుకుంటూ మార్చారు. పొద్దున కాగితం ముందు కూర్చుంటే ఎదురుగా పెద్దమ్మ ఉండాల్సిన చోట పండితుడి మూసుకున్న కళ్ళు కనిపించేవి. ఈ మాటకు నవ్వుతారేమో అని ఒకటి కొట్టేసేదాన్ని, ఈ మాటకు తలూపుతారు అని ఒకటి చేర్చేదాన్ని. అది ఎంత తేలికగా జరిగిందో తలుచుకుంటే ఈనాటికీ అరికాలి మంట నెత్తికెక్కుతుంది. రాసేటప్పుడు పక్కన ఎవరు కూర్చొని ఉంటారో వాళ్ళ నోరే కలంలోకి వస్తుందని నాకు అప్పుడు తెలియదు. ఆ గదిలో నాడె మోత లేదు, అట్లనదు పాపా అనే గొంతు లేదు. ఉన్నది నిశ్శబ్దమనుకున్నాను గానీ, సాయంత్రం వినబోయే వాళ్ళు పొద్దుటి నుంచే ఆ గదిలో నిండి ఉండేవాళ్ళు.

సెలవులు సగం గడిచాక పెద్దమ్మ నన్ను చూడాలని బస్సెక్కి వచ్చింది. గుడ్డలో బెల్లం వేసిన చెనిక్కాయల ఉండలు మూటకట్టి తెచ్చింది. సాయంత్రం చదివే వేళ. ఆమెను వసారా మెట్ల దగ్గర కూర్చోమన్నారు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయన్నారు, కానీ ఒక కుర్చీ ఖాళీగానే ఉంది. నేను లేవబోతే ఆసామి చేత్తో సైగ చేశాడు కూర్చోమని. ఆ రోజు చదవాల్సింది పెద్దలు అరుగు మీదికి వచ్చే ఘట్టం. మధ్యాహ్నం తెప్పించుకొని దాన్ని కొంచెం సవరించానమ్మా, నేనే చదువుతాను అని పండితుడు కాగితాలు అందుకున్నాడు. గొంతు శ్రావ్యమైనది, రాగం తీసినట్టు చదివేవాడు.

అందులో మా పెద్దమ్మ మగ్గం ఆపి, గుంతలో నుంచి లేచి, చేతులు జోడించి, పెద్దలారా, నేను అబలను, దిక్కులేనిదాన్ని, ఈ పసికందుల కోసం చేయరాని పని చేస్తున్నాను, నన్ను మన్నించండి అని కన్నీళ్ళు కారుస్తుంది. పెద్దల మనసు కరిగి ఆమెకు అనుమతి ఇస్తారు.

వసారా అంతా ఆహా అంది. ఒకాయన కళ్ళు కూడా తుడుచుకున్నాడు. మెట్ల మీద నుంచి పెద్దమ్మ గొంతు వినిపించింది.

"ఎవురు పాపా ఈ యమ్మ?"

ఎవరో నవ్వారు. ఈ కథలో ఉన్నది నువ్వేనమ్మా అని ఆసామే చెప్పాడు, ఏదో వరం ఇచ్చినట్టు.

"నేనా? నేను యాడ మన్నించమంటినప్పా? ఎవుర్ని అడిగితి? ఏం తప్పు చేసినానని అడగల్ల?"

ఈసారి అందరూ నవ్వారు. పండితుడు కూడా. చెడ్డ నవ్వు కూడా కాదు, కోతి పిల్ల టోపీ పెట్టుకుంటే నవ్వే నవ్వు. ఆసామి కుర్చీలో ముందుకు వంగి, "చూశారా పండితులవారూ, అసలు సరుకు ఇదీ" అని, పెద్దమ్మ వైపు తిరిగి, ఆ రోజు పెద్దలతో నిజంగా ఏమన్నావో ఇంకొకసారి అనమన్నాడు, అతిథులు వింటారట.

పెద్దమ్మ మెట్ల మీద నుంచి లేచి నిలబడింది. ఆమెకు కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది.

"ఆడించుకునేదానికి నేను కోతిని గాదప్పా. మా పాపకు కుర్చీ ఇచ్చినారు, బాగుండాది. దాని నోరు గుంజుకున్యారు. నా నోరు గూడా గావల్నా మీకు?"

తరువాత నా వైపు చూడకుండానే, "పోదాం పా" అంది. నేను లేచాను. మేడెక్కి నా చీరలు మాత్రం సంచిలో వేసుకొని దిగాను. గేటు దగ్గర ఆసామి నిలబడి, రాసిన కాగితాలు ఇక్కడే ఉండాలమ్మాయ్, నా ఇంట్లో రాసినవి అన్నాడు. ఉంచుకోండి అన్నాను. పురుగు పట్టిన గింజలను ఇంట్లోకి ఎవరు తెచ్చుకుంటారు? బస్సులో పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. మూట విప్పి ఉండ ఒకటి నా చేతిలో పెట్టి తినమంది, అంతే. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

ఇంటికి పోతే మా ఆయన తల పట్టుకున్నాడు. అంత పెద్దమనిషి ఇంట్లో నుంచి అలా లేచి వస్తారా అన్నాడు. ఆ మాటకు నేను మళ్ళీ సంచి తీసుకొని, ముద్దనూరు మీదుగా పులివెందుల పోయే బస్సెక్కాను. పెద్దమ్మ కూతురు, మా అక్క, కాపురం అక్కడే. బావకు బజారులో పిండిమర ఉండేది. ఇంట్లో పిల్లల గోల పడలేనంటే బావ మరలోనే జొన్న బస్తాలు నాలుగు జరిపి, వాటి మీద పలక చెక్క ఒకటి వేసి, ఈడ కూర్చో మరదలా అన్నాడు.

రాయడానికి అంతకంటే పనికిమాలిన చోటు ఈ భూమ్మీద ఉండదనుకున్నాను. ఇంజను తిరుగుతుంటే గోడలు వణికేవి, కాగితం మీద పిండి పడేది, తుడిచిన చోట మళ్ళీ పడేది. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి జొన్నలూ సజ్జలూ నెత్తిన పెట్టుకొని ఆడవాళ్ళు వచ్చేవాళ్ళు. ఆ మోతలో ఎవరూ మెల్లగా మాట్లాడలేరు, తీయగా అసలే మాట్లాడలేరు. మొగుడు కొట్టినా, వాన పడకపోయినా, బిడ్డకు జ్వరం తగిలినా అరిచి చెప్పాల్సిందే. అరిచి చెప్పే మాటలో అనవసరమైన పదం ఒక్కటి ఉండదు. వేముల నుంచి వచ్చే ఒక ముసలామె నా పక్కన బస్తా దించి, "ఏంది మే, లెక్కలు రాస్తాండావా?" అని అరిచేది. కథ రాస్తున్నానని నేనూ అరిచేదాన్ని. "రాయి, రాయి. మాదీ రాయి" అని పోయేది. మూడో నాటికో నాలుగో నాటికో నా చెయ్యి దానంతట అది కదిలింది. మేడ మీద రాసింది ఒక్క ముక్క కూడా గుర్తు తెచ్చుకోలేదు. మొదటి వాక్యమే పెద్దమ్మ పెద్దలకు చెప్పిన జవాబు. సెలవులు అయ్యేలోపల పుస్తకం పూర్తయింది. మేడ మీద రాసిన దాంట్లో సగం కూడా లేదు, చిన్నది.

దాన్ని ఎక్కడ అచ్చు వేయించాలా అని నేను తిరుగుతుండగానే జమ్మలమడుగు పుస్తకం బయటికి వచ్చింది. నేను వదిలేసిన కాగితాలకు పండితుడు ముగింపు రాశాడు. అట్ట మీద నా పేరు, లోపల మొదటి పుట నిండా ఆసామి ఫోటో. పోయి అడిగాను. వసారాలో అదే కుర్చీలో కూర్చొని, నీ పేరే కదా వేశాం, నీకొచ్చిన నష్టమేంటి అన్నాడు. నష్టమేమిటో ఆయనకు తెలిసే భాషలో నేను చెప్పలేకపోయాను. కోర్టుకు పోదామంటే మా ఆయన చేతులు జోడించాడు, ఉద్యోగాలు పోతాయన్నాడు. పంతుళ్ళ ఉద్యోగాలు ఆ పెద్దమనుషుల వసారాల్లోనే ఉండేవి మరి, ఆయన భయం అబద్ధం కాదు. ఆ పుస్తకాన్ని సభల్లో పొగిడారు. కరుణరసం పొంగిపొరలిందన్నారు. ఊరూరా ఆడవాళ్ళు చదివి ఏడ్చారట. నన్ను ఈనాటికీ ఆ పుస్తకం పేరు చెప్పే పరిచయం చేస్తారు, ఆ పేరు వినిపించిన ప్రతిసారీ నేను రాయని ఆ మన్నించండి నా చెవిలో మోగుతుంది.

నా పుస్తకం ప్రొద్దుటూరులోనే చిన్న ప్రెస్సులో కొద్ది ప్రతులు అచ్చయింది. మొదటి నవలలోని మాధుర్యం ఇందులో లేదని, రచయిత్రి భాష విషయంలో జాగ్రత్త పడాలని ఒక పత్రిక రాసింది. ఇంకెవరూ ఏమీ రాయలేదు. ప్రతులు మా అటక మీదే ఉండి చెదలు పట్టాయి.

పెద్దమ్మకు చదువు రాదు. మగ్గం పక్కన కూర్చొని మొదటి నుంచి చివరిదాకా చదివి వినిపించాను. ఎక్కడా అడ్డు చెప్పలేదు. అయిపోయాక నేసుకుంటూనే అంది.

"అంతా సరిగ్గానే ఉండాది. ఆయప్ప పోయినప్పుడు నేను ఏడ్చలేదని రాసినావే, అది తప్పు. ఏడ్చినా. ఎవురికీ కనపడకుండా ఏడ్చినా."

నాకు చెప్పలేదేం అన్నాను.

"నువ్వు అడగలేదు గదా పాపా."

నా దగ్గరున్న ప్రతిలో ఆ ఒక్క మాటా చేత్తో చేర్చాను. అచ్చులో ఎన్నడూ రాలేదు. పెద్దమ్మ పోయి ఇప్పటికి ఎంతో కాలమైంది. మా ఆయనా పోయాడు, అక్కా బావా పోయారు. బంగళా ఆసామీ పోయాడు, పండితుడూ పోయాడు. నా కోపం ఒక్కటే పోలేదు, ఒంటరిదైపోయింది.

కాలం మారలేదని అనను. ఈ మధ్య మన వైపు పిల్లలు యాడ అనీ ఏంది అనీ దర్జాగా పుస్తకాల్లో రాస్తున్నారు, చదివితే కడుపు నిండుతుంది. ఆ వసారాలో నవ్విన వాళ్ళలాంటి వాళ్ళే ఇప్పుడు వేదికలెక్కి మాండలికం సొగసు గురించి ఉపన్యాసాలు ఇస్తున్నారు. ఇవ్వనీ. ఎవరి మాటకు నవ్వారో ఆ మనిషి వినడానికి లేదు, నాకు అదే మింగుడు పడదు.

మొన్న పులివెందుల పోయాను, అక్క మునిమనవరాలికి పుట్టినరోజని. ఆ పిల్ల ఒకటో తరగతి. అందరూ ఫోటోలకు నిలబడుతుంటే, ఆ పిల్ల కనపడక, యాడుండావే పాపా అని పిలిచాను. తలుపు చాటు నుంచి వచ్చి, నడుము మీద చేతులు పెట్టుకొని, "యాడ అనకూడదు అవ్వా, ఎక్కడ అనాలి. మా మిస్ చెప్పింది" అంది. ఇంటిల్లిపాదీ మురిసిపోయి నవ్వారు. ఎంత బాగా మాట్లాడుతుందో అన్నారు. ఆ పిల్లను ఎవరూ మేడ మీద కూర్చోబెట్టలేదు, కాగితాలు ఇవ్వలేదు, సాయంత్రాలు చదివించలేదు. నాకు కోపం వచ్చింది. ఎదురుగా చూస్తే ఆసామి లేడు, పండితుడు లేడు. కొత్త గౌను వేసుకొని, మెచ్చుకుంటానేమోనని నా మొహం వైపు చూస్తున్న ఆరేళ్ళ పిల్ల ఉంది. దాన్ని దగ్గరికి తీసుకున్నాను. నేనూ యాడ మానేసి ఎక్కడ అనే అన్నాను.